పాత మిట్సుబిషి శక్తి తోట ట్రాక్టర్‌కి రంగు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ద్రాక్షపందిరి | మారతహళ్లి, బెంగళూరు

నమస్కారమండి. బాగేపల్లి దగ్గర మా మామయ్య ద్రాక్షతోటలో తిరిగిన మిట్సుబిషి శక్తి ఎంటీ 180డి ట్రాక్టర్ ఈ సంక్రాంతికి నా చేతికి వచ్చింది. 18.5 హెచ్‌పీ, 3 సిలిండర్ల డీజిల్ ఇంజన్. పెద్ద ట్రాక్టర్లు పందిరి కిందికి దూరవు, అందుకని అప్పట్లో ఈ చిన్న బండి కొన్నారు. ద్రాక్ష తీసేశాక షెడ్డులో పెట్టారు, మళ్లీ కదలలేదు.

ఇప్పుడు అదే నేలలో మామిడి, జామ పెట్టాం. సాళ్ల మధ్య కలుపు దున్నడానికి ఈ బండే కావాలి. ఎగ్జిబిషన్‌లో నిలబెట్టే మెరుపు నాకు అక్కర్లేదు. అలాగని గబగబా ఒక కోటింగ్ కొట్టించి వదిలేయడమూ ఇష్టం లేదు. మామయ్య ఈ బండిని ఎంత జాగ్రత్తగా చూసుకునేవారో ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన చూసి బాగుందనాలి.

ఇంజన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది. బోనెట్ ఎరుపు ఎండకి వెలిసి గులాబీ రంగుకి వచ్చింది. మడ్‌గార్డుల అంచులు తుప్పు తినేసింది. వెనక ఇరుసు దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది. మధ్యలో ఎవరో స్టిక్కర్ల మీదనే బ్రష్షుతో రంగు పూసేశారు. సింథటిక్ ఎనామెల్ వెయ్యాలా, పీయూనా (పాలీయురెథేన్ రంగు)? రేకు భాగాలు విప్పి తెచ్చుకుంటే మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నేనే చేసుకోవచ్చా?

పానా | పీణ్య, బెంగళూరు

రంగు సంగతి తర్వాత మాట్లాడుకుందాం అండి. ముందు ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఆయిల్ చెమ్మ ఉన్న చోట ఏ రంగూ నిలవదు. పైగా రంగు వేశాక సీల్ మార్చాలంటే, పానా పెట్టి తిప్పగానే బోల్టు చుట్టూ రంగు పెచ్చులూడుతుంది.

ఇంజన్ తిరుగుతోందంటే సగం టెన్షన్ పోయినట్టే. అయినా వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. పాత ఇంజన్ ఆయిల్ తీసేసి కొత్తది పొయ్యండి. ఇంజెక్టర్లు విప్పి ఒక్కో సిలిండర్‌లో ఒకటి రెండు చెంచాల ఆయిల్ వేసి, నెమ్మదిగా చేత్తో తిప్పండి. అంతకంటే ఎక్కువ పోస్తే ప్రమాదం. పిస్టన్ మీద ఆయిల్ నిలిచిపోయిన స్థితిలో స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, అడుగున నీళ్లు, తుప్పు ఉంటే కడిగి, ఫిల్టర్ మార్చి, లైన్‌లో గాలి తీసేశాకే స్టార్ట్ చెయ్యాలి. గేర్ ఆయిల్ కూడా కొంచెం దింపి చూడండి. పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే.

ఆ తర్వాత బండిని పొలంలో ఒక పూట దున్నించండి. వేడెక్కి, బరువు పడితేనే లీకులన్నీ బయటపడతాయి. షెడ్డులో ఐదు నిమిషాలు నడిపి లీకు లేదనుకుంటే మళ్లీ విప్పాల్సి వస్తుంది. సీళ్లు, గాస్కెట్లు కలాసిపాళ్యలోనో జేసీ రోడ్డులోనో వెతకండి. పాత సీల్ చేతిలో పట్టుకెళ్లండి, సీల్ మీద కొలత అచ్చు ఉంటుంది.

కడగడం గురించి కూడా చెప్పేస్తాను. మడ్డిని డీజిల్, బ్రష్షుతో తీస్తారు, మంచిదే. కానీ డీజిల్ పొర మిగిలితే ప్రైమర్ పట్టదు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్‌లో తడిపిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకి మరక అంటనంత వరకూ గుడ్డలు మారుస్తూనే ఉండాలి. ప్రెజర్ వాష్ పెడితే సీళ్ల మీదకి, డైనమో మీదకి, రేడియేటర్ రెక్కల మీదకి నేరుగా కొట్టకండి.

కోలారు కుర్రోడు | కేఆర్ పురం, బెంగళూరు

పానా అన్నా, మీ పీణ్యలోనే శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక రవ్వ కొట్టి శుభ్రం చేయడం) చేసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు కదా. మొత్తం బండిని ఆటో ట్రాలీలో వేసి పంపితే పాత రంగు, తుప్పు అంతా ఒకేసారి పోతుంది. ఈ గోకుడంతా దేనికి?

పానా

అలా పంపొద్దు తమ్ముడూ. బోనెట్, మడ్‌గార్డులు పలచటి రేకు. గట్టిగా కొడితే రేకు అలలు తేలి వంగిపోతుంది, తర్వాత టింకర్ ఎంత కొట్టినా చదును కాదు. ఇక గేర్‌బాక్స్, ఇంజన్ కలిసి ఉన్న బండిని బ్లాస్టింగ్‌కి పెడితే బ్రీదర్ (గాలి రంధ్రం) గుండా, సీల్ అంచుల గుండా రవ్వ లోపలికి చేరుతుంది. బేరింగులు కొత్తవి వేసుకోవాల్సిందే. అలా పాడైపోయి నా దగ్గరికి వచ్చిన గేర్‌బాక్సులు చూశాను.

చక్రాల రిమ్ములు, ముందు వెయిట్లు, డ్రాబార్, బంపర్ లాంటి దళసరి భాగాలు విప్పి పంపండి, వాటికి బ్లాస్టింగ్ చాలా మంచిది. ఇసుకతో కాకుండా గార్నెట్‌తోనో కాపర్ స్లాగ్‌తోనో చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఇసుక దుమ్ము పీల్చిన పనివాళ్లకి సిలికోసిస్ వస్తుంది. అది తిరిగి నయమయ్యే జబ్బు కాదు. మన బండి మెరవడానికి ఇంకొకరి ఊపిరితిత్తులు పోకూడదు.

బ్లాస్టింగ్ అయిన ఇనుముకి అదే రోజు ప్రైమర్ పడాలి. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది.

రంగులబల్ల | హోసూరు

నేను పారిశ్రామిక పెయింట్ల తయారీలో పనిచేస్తాను. బేస్‌మెంట్ ప్రశ్నకి నా జవాబు: వద్దు. రెండు కారణాలు.

మొదటిది సీసం. పాత ఎరుపు, పసుపు, నారింజ యంత్రాల రంగుల్లో లెడ్ క్రోమేట్ ఆధారిత పిగ్మెంట్లు బాగా వాడేవారు. మన దేశంలో పెయింట్‌లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నియమం తెచ్చారు, మరుసటి ఏడాది నుంచి అమలైంది. అయితే అది ఇళ్లకి, అలంకరణకి వాడే రంగులకే వర్తిస్తుంది. కాబట్టి పాత ట్రాక్టర్ రంగులో సీసం ఉందనే అనుకుని పని చెయ్యండి. పొడిగా గ్రైండర్ పెట్టి గోకితే ఆ దుమ్ము బేస్‌మెంట్‌లో నెలల తరబడి ఉంటుంది, పిల్లలు సైకిళ్లు తొక్కేది అక్కడే. నీళ్లు పెడుతూ ఎమెరీతో రుద్దండి. ఎన్95 మాస్క్ పెట్టుకోండి. ఆ బురదని గుడ్డతో తీసి విడిగా సంచిలో కట్టండి, కాలువలోకి వదలొద్దు. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. బ్లో ల్యాంప్‌తో పాత రంగు కాల్చడం అన్నిటికంటే ప్రమాదం.

రెండోది పీయూ. హార్డ్‌నర్ కలిపే 2కె (రెండు భాగాల) పీయూలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ తుంపరలు పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా అయితే తర్వాత కొద్దిగా తగిలినా ఊపిరి ఆడదు. దుమ్ము మాస్క్ దానికి పనికిరాదు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందే మాస్క్, గాలి తోడే బూత్ ఉన్న చోటే కొట్టాలి.

మీ బండి మీద ఇప్పుడున్నది ఏ రంగో తెలుసుకోవడం తేలికే. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచిన దూదిని ఒక మూల పెట్టి కాసేపు ఆగండి. రంగు కరిగి దూదికి అంటితే డుకో, అంటే ఎన్‌సీ. ముడతలు పడి ఉబ్బితే గాలికి ఆరిన సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే కంపెనీలో వేడి చేసి ఆరబెట్టిన రంగు, లేదా 2కె. ఉబ్బే రంగు మీద డుకో గానీ పీయూ గానీ కొడితే మొత్తం ముడతలు పడుతుంది. దాన్ని ఇనుము దాకా తీసేయాల్సిందే.

అంబత్తూరు శ్రీను | చెన్నై

పని చేసే బండికి సింథటిక్ ఎనామెల్ చాలు అని నా గట్టి అభిప్రాయం. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. మా నాన్నగారి మాసీ ఫెర్గూసన్‌కి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద ఎనామెలే వేశాం. ముళ్లకంప గీసుకుంటే ఆ చోట రుద్ది, ప్రైమర్ పెట్టి, చిన్న బ్రష్షుతో పూసేస్తాం. అరలీటరు డబ్బా షెడ్డులోనే ఉంటుంది. పీయూ మీద గీత పడితే పల్లెలో ఎవరు సరిచేస్తారు?

ఇంకో సంగతి. చెన్నైలో ఒక షాపువాళ్లు ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానల్లో మా చుట్టాల పవర్ టిల్లర్‌కి డుకో కొట్టారు. ఆరేసరికి ఎరుపంతా పాలిపోయి తెల్లటి పొర కట్టింది. పెయింట్ నకిలీదని గొడవ కూడా అయింది.

రంగులబల్ల

అది నకిలీ పెయింట్ కాదండి, గాలిలో తేమ. డుకో థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు రంగు పొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే దాని మీద నీరు పట్టి తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ కొద్దిగా కలిపితే తగ్గుతుంది, కానీ వానలో కొట్టకపోవడమే మేలు. ఏ రంగుకైనా తేమ 85 శాతం దాటకూడదు, ఇనుము వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇది కష్టం. బాగేపల్లి వైపు ఫిబ్రవరి, మార్చి నెలలు చక్కగా సరిపోతాయి. గాలి దుమ్ము ఒక్కటే సమస్య, షెడ్డు నేల తడిపి పెట్టుకోండి. మధ్యాహ్నం రేకుల కింద ఇనుము కాలిపోతుంటుంది, అప్పుడు మాత్రం వద్దు. పొద్దున మంచు ఆరిపోయాక మొదలుపెట్టండి.

మెరుపుతీగ | వైట్‌ఫీల్డ్, బెంగళూరు

శ్రీను గారితో నేను ఏకీభవించను. బాగేపల్లి ఎండ మామూలు ఎండ కాదు. మామూలు ఎనామెల్ ఎరుపు రెండు మూడు వేసవులకే సుద్ద పట్టినట్టు పొడి రాలుతుంది, వేలితో రాస్తే వేలికి అంటుతుంది. బోనెట్ మీద డీజిల్ ఒలికితే మెత్తబడి మరక పడుతుంది. డీజిల్ పోసే మూత చుట్టూ ఏ పాత ట్రాక్టర్‌నైనా చూడండి, రంగు ముందు పోయేది అక్కడే. పీయూ ఎండకీ డీజిల్‌కీ రెండిటికీ నిలుస్తుంది. ఇంత కష్టపడి విప్పి, రుద్ది, చివర్లో చవక రంగు వెయ్యడం నాకు నచ్చదు.

చెట్టునీడ | కోరమంగళ, బెంగళూరు

అందరూ ఏ రంగు వెయ్యాలా అంటున్నారు. అసలు రంగు ఉంచేద్దామని ఎవరూ అనడం లేదు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా తయారైన చిన్న బూడిదరంగు ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్లని చూడండి. వాటిని దాచుకున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు కంపెనీ రంగు ఎంత వెలిసినా ముట్టుకోరు. తుప్పు ఆపి, మైనం రాసి, నడిపించుకుంటారు. మామయ్య చేతులు పడి స్టీరింగ్ దగ్గర అరిగిన రంగు మీరు ఎంత ఖర్చు పెట్టినా మళ్లీ రాదు.

ద్రాక్షపందిరి

చెట్టునీడ గారూ, మీ మాట విని ఒక రోజంతా ఆలోచించాను. కంపెనీ రంగే మిగిలి ఉంటే మీరన్నట్టే చేసేవాణ్ని. కానీ థిన్నర్ దూది పెట్టి చూస్తే పైన పూసింది ఉబ్బి లేచింది, దాని కింద మడ్‌గార్డుల మీద తుప్పు పాకుతోంది. దాన్ని ఉంచడమంటే రేకుని పోగొట్టుకోవడమే. స్టీరింగ్, గేర్ లివర్ల గుండ్లు, మీటర్ బోర్డు మాత్రం ముట్టుకోను, శుభ్రం చేసి అలాగే బిగిస్తాను. కంపెనీ ప్లేటు మీద కూడా రంగు పడనివ్వను.

మీటర్ బోర్డు విప్పితే దాని వెనక ఎండ తగలని ఎరుపు బయటపడింది! అసలు రంగు ఇంత ముదురని నాకు తెలియదు.

శ్రీను గారి మాటా, మెరుపుతీగ గారి మాటా రెండూ నాకు సరైనవే అనిపించాయి. అందుకని ఇలా అనుకుంటున్నాను. బోనెట్, మడ్‌గార్డులు, ముందు గ్రిల్ కారులో బెంగళూరు తెచ్చి, బూత్ ఉన్న చోట ఎపాక్సీ ప్రైమర్, పీయూ వేయిస్తాను. ఎండ, డీజిల్ పడేవి అవే. ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసు, చక్రాలు ఊళ్లోనే సింథటిక్ ఎనామెల్‌తో నేనే బ్రష్షుతో వేస్తాను. రాళ్లు తగిలేదీ, మాటిమాటికీ పానా పడేదీ అక్కడే కాబట్టి పూసుకుంటూ ఉండొచ్చు. పెద్దలు చెప్పండి.

పానా

నేనైనా ఇలాగే చేస్తాను. రేడియేటర్ రెక్కల మీద బ్రష్షు పెట్టకండి, రంగు మందంగా పడితే వేడి పోదు. గ్రీజు నిపుల్స్, బ్రేక్ డ్రమ్ముల లోపల, రబ్బరు హోసులు, కదిలే లింకుల పిన్నుల మీద వద్దు. బ్యాటరీ ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకి ఇనుము కనపడాలి, బిగించాక పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. రంగు వేశాక సెల్ఫ్ తిరగడం లేదని వచ్చే బండ్లలో చాలా వాటికి రోగం అదే. సైలెన్సర్‌కి మామూలు రంగు మొదటి రోజే కాలిపోతుంది, 600 డిగ్రీలు తట్టుకునే సిల్వర్ పెయింట్ అడగండి.

బ్లాస్టింగ్‌కి పంపే రిమ్ములు ముందు లోపలి వైపు చూడండి. టైర్లలో బరువు కోసం నీళ్లు నింపి ఉంటే వాల్వ్ చుట్టూ రిమ్ము లోపలి నుంచే తుప్పు తింటుంది. సుత్తితో తట్టి చూడండి. చిల్లు పడేలా ఉంటే వెల్డింగ్ ముందు, రంగు తర్వాత.

రంగులబల్ల

మంచి నిర్ణయం. బూత్‌వాళ్లకి రెండు మాటలు చెప్పండి. యాసిడ్ ఉండే ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ వేయొద్దు, శుభ్రమైన ఇనుము మీదే ఎపాక్సీ. లప్పం ఎపాక్సీ ప్రైమర్ మీద పెట్టాలి. పచ్చి ఇనుము మీద పెడితే లప్పం తేమ పీల్చుకుంటుంది, కింద తుప్పు మొదలవుతుంది, కొన్నాళ్లకి ముక్కముక్కలుగా ఊడుతుంది. ప్రైమర్‌కి ముందు 180 నంబరు ఎమెరీ, పై కోటుకి ముందు నీళ్లతో 400 నంబరుది.

ఎరుపు కలపడానికి ఆ మీటర్ బోర్డు వెనక దొరికిన ముక్కే మీ ఆస్తి. అది విప్పి వచ్చే భాగమైతే తీసుకెళ్లండి, కాంపౌండ్ పెట్టి మెరిసేదాకా రుద్ది, స్కానర్ ఉన్న పెయింట్ షాపులో చూపించండి. కలిపిన రంగుని ఒక రేకు ముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరాక ఎండలో పక్కపక్కన పెట్టి చూడండి. ట్యూబ్‌లైటు కింద ఒకటిగా కనిపించినవి ఎండలో వేరుగా కనిపిస్తాయి. ఎరుపుకి కింది రంగుని కప్పే శక్తి తక్కువ. సగం బూడిద ప్రైమర్, సగం రెడ్ ఆక్సైడ్ ఉంటే పైన రెండు ఎరుపులు తేలుతాయి. కింద అంతా ఒకే రంగు ప్రైమర్ ఉండేలా చూసుకోండి.

ఊళ్లో వేసే ఎనామెల్‌కి కూడా అదే స్కాన్ నుంచి కలిపించుకోండి. కోటు పలచగా, రెండుసార్లు. మందంగా ఒక్కసారే పూస్తే పైన ఆరుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

కోలారు కుర్రోడు

చిన్న చిన్న క్లాంపులు, లివర్లు, బ్రాకెట్లు ఉంటాయి కదా. వాటి తుప్పు తీయడానికి బ్యాటరీ చార్జర్‌తో ఏదో చేస్తారని విన్నాను. నిజంగా పనిచేస్తుందా?

బెంచీ మాస్టారు | రాజాజీనగర్, బెంగళూరు

చక్కగా పనిచేస్తుంది నాయనా, పిల్లలకి ల్యాబ్‌లో చూపించే ఎలక్ట్రాలిసిస్సే అది. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి, లీటరుకి ఒక చెంచా వాషింగ్ సోడా కలుపు. తుప్పు భాగానికి చార్జర్ నెగటివ్, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనప ముక్కకి పాజిటివ్. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. 12 వోల్టులు చాలు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్షుతో పోతుంది, మంచి ఇనుము అరగదు. ఎమెరీకి అందని సందుల్లో తుప్పు కూడా పోవడం దీని గొప్పతనం.

పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలు అందులో వెయ్యొద్దు, తినేస్తుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చెయ్యి, దగ్గర నిప్పు వద్దు, వైర్లు ముట్టుకునే ముందు చార్జర్ ఆపు. స్ప్రింగులు కూడా వద్దు. హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చేరితే పెళుసెక్కి విరుగుతాయి.

పానా

మాస్టారు చెప్పినది బోల్టులకీ వర్తిస్తుంది. జింక్ ప్లేటింగ్‌కి ఇచ్చే ముందు తల మీద నంబరు (బలం గ్రేడు) చూడండి. 8.8 వాటికి భయం లేదు. 10.9 అని ఉంటే ప్లేటింగ్ అయిన వెంటనే ఓవెన్‌లో బేకింగ్ చెయ్యమని చెప్పండి. చెయ్యలేమంటే వాటిని ప్లేటింగ్‌కి ఇవ్వకుండా కడిగి ఆయిల్ రాసి వాడుకోండి. మెరుస్తాయని చక్రాలకి స్టెయిన్‌లెస్ బోల్టులు మాత్రం పెట్టకండి, ఆ బలం వాటికి ఉండదు.

ద్రాక్షపందిరి

ఇరుసు సీల్ జేసీ రోడ్డులో దొరికింది, మార్చి పొలంలో తిప్పాను, చుక్క లేదు. ఇంజన్, గేర్‌బాక్స్‌కి ఎనామెల్ అయిపోయింది. బోనెట్, మడ్‌గార్డులు బూత్‌లో ఉన్నాయి. రేకు ముక్క మీద కొట్టిన ఎరుపుని ఎండలో పెట్టి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో మామయ్యకి కూడా తెలియలేదు. రంగులబల్ల గారికి మా ఇంటిల్లిపాది తరఫున ధన్యవాదాలు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. మా అబ్బాయి బోనెట్ నీలం వేయిద్దాం అంటున్నాడు, ఆర్‌సీతో ఇబ్బంది వస్తుందా? స్టిక్కర్లు ఎలా చేయించాలి?

అంబత్తూరు శ్రీను

ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. వేరే రంగు వేస్తే ఆర్‌టీఓ దగ్గర అనుమతి తీసుకుని ఆర్‌సీలో మార్పించుకోవాలి. అబ్బాయికి నచ్చజెప్పి ఎరుపే ఉంచండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కొట్టిన చోట లప్పం, మందం రంగు వద్దు. రేపు తనిఖీలో ఆ అంకెలు చదవగలగాలి.

మెరుపుతీగ

స్టిక్కర్ల మీద పూసిన రంగు తీసేటప్పుడు అచ్చు కనిపించిందా? పాత ఫోటో ఉన్నా సరే, పక్కన స్కేలు పెట్టి తీసింది ఉంటే మేలు. ట్రేసింగ్ పేపర్ మీద పూర్తి సైజులో గీసుకుని వినైల్ కటింగ్ చేసే సైన్‌బోర్డు షాపుకి ఇవ్వండి. బయట ఎండకి నిలిచే వినైల్ అని ప్రత్యేకంగా అడగండి, లోపల గోడలకి వాడేది ఒక వేసవికే అంచులు లేస్తుంది. పీయూ బోనెట్ మీద బూత్‌వాళ్లు చెప్పిన గడువు దాటాక అంటించొచ్చు. ఎనామెల్ వేసిన భాగాల మీద అయితే కొన్ని వారాలు ఆగండి. లోపలి థిన్నర్ ఇంకా బయటికి వస్తూ ఉంటుంది, అంటిస్తే కింద బుడగలు లేస్తాయి. సబ్బు నీళ్లు చిలకరించి, పెట్టాల్సిన చోటికి జరుపుకుని, రబ్బరు పట్టీతో మధ్య నుంచి అంచులకి నీళ్లు నెట్టండి.

ద్రాక్షపందిరి

అచ్చు కనిపించింది, ట్రేస్ చేసి పెట్టాను. ఎరుపే ఉంటుంది శ్రీను గారూ. బోనెట్ బిగించాక ఫోటోలు పెడతాను.